మారుమనువు నేరమైన నాడు

‘విడాకులు’ అను మాటలోనే ఆకు ఉన్నది. ఒక ఆకును రెండుగా చీల్చి భార్యాభర్తలకు చెరియొక ముక్క ఇచ్చుట విడిపోయినందులకు గుర్తని పెద్దలు చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దమున గోదావరి, కృష్ణా మండలములలో పెక్కు కులములయందు సంసారపు తగవులు కులపెద్దల యెదుటనే తీరుచుండెను. వారు చెట్టు క్రింద కూర్చుండి ఇరుపక్షముల మాట విందురు. పెండ్లినాడు వరునివారు ఇచ్చిన ఓలి ఎంత, అందులో తిరిగి రావలసినది ఎంత, తప్పు ఎవరిది అని లెక్క తేల్తురు. అటుపిమ్మట ఆ స్త్రీ మరియొకనిచేత చీర పెట్టించుకొని అతని యింటికి పోవును. దీనికే మారుమనువని పేరు. మొదటి పెండ్లికున్నంత గౌరవము దీనికి లేదు, మేళతాళములు ఉండవు, మారుమనువు పోయిన స్త్రీని కొన్ని శుభకార్యములలో ముందుకు రానీయరు. అయినను ఆమె సంసార స్త్రీయే, ఆమె బిడ్డలు కులములోని బిడ్డలే. బ్రాహ్మణ, వైశ్య గృహములలో మాత్రము ఈ మాట తలపెట్టుటకే వీలు లేకుండెను.

ఇట్లుండగా 1862 జనవరి 1వ తేదీనుండి దేశమున ఇండియన్ పీనల్ కోడు అమలులోనికి వచ్చినది. మెకాలే అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1837లో సిద్ధపరచిన చిత్తుప్రతి ఇరువది మూడేండ్లు కచేరీ బీరువాలలో నిదురించి 1860లో చట్టమైనది. అందలి 494వ సెక్షనును గూర్చియే మేమిచ్చట ముచ్చటింపదలచినాము. భర్తగాని భార్యగాని జీవించియుండగా, ఆ కారణముచేత చెల్లని వివాహమును మరల చేసికొన్నవారికి ఏడేండ్ల వరకు ఖైదు, జరిమానా అని ఆ సెక్షను చెప్పినది. మొదటి పెండ్లి సంగతి దాచి రెండవ పెండ్లి చేసికొన్నచో 495వ సెక్షను క్రింద ఖైదు పదేండ్ల వరకు పెరుగును.

‘ఆ కారణముచేత చెల్లని’ అను రెండు మాటలను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. కీలకమంతయు అందే యున్నది. రెండవ వివాహము చెల్లునా చెల్లదా యని కోడు తానై చెప్పలేదు. ఆ ప్రశ్నను వారి వారి ధర్మశాస్త్రములకు విడిచినది. ఏలూరు పట్టణమునే తీసికొందము. 1859నుండి అది గోదావరి జిల్లాలోని ఊరు. సెషన్సు కోర్టు రాజమహేంద్రవరమున ఉండెను. (పశ్చిమ గోదావరి జిల్లా 1925లోను, ఏలూరు జిల్లా 2022లోను ఏర్పడినవి.) ఆ ఊరి బజారులోని హిందూ వర్తకుడు భార్య ఉండగా మరియొకతెను పెండ్లాడిన యెడల అతని శాస్త్రప్రకారము ఆ పెండ్లి చెల్లును; కనుక నేరము లేదు. తంగెళ్ళమూడిలో తివాచీలు నేయు ముసల్మాను నలుగురి వరకు పెండ్లాడవచ్చును. అతనికిని నేరము లేదు. మిషను ఆవరణలోని క్రైస్తవ ఉపాధ్యాయుడు అదే పని చేసినచో ఏడేండ్లు. ఇక స్త్రీలందురా, ఏ మతమువారైనను భర్త బ్రతికియుండగా మరల పెండ్లాడినచో సెక్షను వారిని వదలదు. చట్టము ఒకటే, అక్షరములు అవే, పట్టుబడువారు వేరు.

హిందూ పురుషుని స్వేచ్ఛ ఎంతటిదో మద్రాసు హైకోర్టు 1863లోనే వీరాస్వామిశెట్టి కేసున తేల్చి చెప్పినది. భర్త మరియొకతెను పెండ్లాడినాడన్న కారణముచేత భార్య ఇల్లు విడిచి పోరాదు. పురుషుడు మొదటి భార్య అంగీకారముతో పనిలేకయే, తన ఇష్టము తప్ప వేరు హేతువు చూపకయే ఎందరినైనను వివాహమాడవచ్చునని ఆ తీర్పు తాత్పర్యము. ధర్మశాస్త్రములు భార్య ఎట్టిదైనప్పుడు మరియొకతెను చేసికొనవచ్చునో కొన్ని షరతులు చెప్పినవి. కోర్టువారి చేతిలో అవి వట్టి హితబోధలైనవి. స్త్రీని గూర్చిన నియమములు మాత్రము కఠినశాసనములుగానే నిలిచినవి. ఈ పక్షపాతము కేవలము సీమదొరల సృష్టి యనుట మాకు సరికాదనిపించును. దొరలకు శాస్త్రము చదివి చెప్పిన పండితులు మనవారే.

స్త్రీల విషయమున మొదటి దెబ్బ గుజరాతులో పడినది. అక్కడి తలపదా కోలీ కులములో భర్తను విడిచిన స్త్రీ మరియొకనితో ‘నాత్రా’ చేసికొను ఆచారమున్నది. అది మన మారుమనువునకు అక్కచెల్లెలు వంటిది. 1864లో బాయి రూపా అను స్త్రీ కేసు బొంబాయి హైకోర్టుకు వచ్చినది. భర్త అనుమతి లేకయే భార్య నాత్రా పోవచ్చునను ఆచారము హిందూ ధర్మమునకు విరుద్ధము, నీతిబాహ్యము కనుక చెల్లదని న్యాయాధిపతులు పలికిరి. ఆమె చేసినది 494వ సెక్షను నేరమైనది. ఆమెను చేపట్టిన కర్సన్ గోజా జారత్వ నేరస్థుడైనాడు. తమ కులములో అందరును చేయు పనినే చేసి, అదే కులమువారి కండ్లయెదుట వారు నేరస్థులైరి. 1876లో శంభు రఘు కేసున అదే కోర్టు మరియొక అడుగు ముందుకు వేసినది. వివాహమును రద్దుచేయుటకుగాని, స్త్రీకి మారుపెండ్లికి అనుమతి నిచ్చుటకుగాని కులమునకు అధికారము లేదు. కులపెద్దల అనుమతి చాలునని నిష్కపటముగ నమ్మితిమన్నను అది రక్షణ కాజాలదు అని.

ఈ మాటలు కొల్లేటి లంకలోని ఒక స్త్రీకి అన్వయించి చూడుడు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు పోవు ఆ సరస్సులో, వరదకాలమున దోనె తప్ప వేరు దారిలేని పల్లెలు ఎన్నో ఉండెను. కొల్లేటికోట పెద్దింట్లమ్మయు కులపెద్దలును తప్ప వారికి వేరు న్యాయస్థానము తెలియదు. ఫిర్యాదు చేయదలచిన భర్త దోనెమీద సరస్సు దాటి, కృష్ణ కాలువయు గోదావరి కాలువయు కలియు ఏలూరు చేరి, అక్కడ కాలువ పడవ పట్టుకొని గోదావరి గట్టునకు, ఆపైన నది దాటి రాజమహేంద్రవరమునకు పోవలె. అంత దూరము పోవువాడు సాధారణముగ ఉండడు. ఓలి సొమ్ము ముట్టినవానికి పోవలసిన పనియు లేదు. కాని ఓలి ముట్టక పోయినను, పాతకక్ష రేగినను, చేను తగాదా వచ్చినను, ఆ సెక్షను మొలలో దాచిన కత్తివలె అతనికి పనికివచ్చును. కులపెద్దలు తెగదెంపులు చేసిన పదేండ్లకైనను అతడు ఆ కత్తి తీయవచ్చును. ఇద్దరు బిడ్డల తల్లియై, ఏ తప్పు చేసినట్టును ఎరుగని యామెకు అంతటితో సంసారము కూలును. బిడ్డల వారసత్వమునకును చిక్కు వచ్చును.

మన అదృష్టమేమనగా మద్రాసు హైకోర్టు బొంబాయి అంత కఠినముగ పోలేదు. భర్త విడిచిపెట్టిన లింగాయతు స్త్రీ కులాచారము ననుసరించి చేసికొన్న పునర్వివాహము చెల్లునని 1885లో అంగీకరించినది. భార్యాభర్తలు ఉభయులును సమ్మతించి విడిపోవు కులాచారము నీతివిరుద్ధము కాదని 1894లో శంకరలింగముశెట్టి కేసున తీర్పు చెప్పినది. అంతట ఒక భేదము స్థిరపడినది: ఇద్దరి ఇష్టముతో జరిగిన విడాకులు నిలుచును, ఒకరి ఇష్టము లేకుండ కులము ఇచ్చినవి నిలుచుట కష్టము. మారుమనువు పోయిన స్త్రీ బ్రతుకు అప్పటినుండి ‘నాడు నీ భర్త ఒప్పుకొన్నాడా’ అను ఒక్క ప్రశ్నమీద ఆధారపడినది. చెట్టు క్రింద పలికిన ఆ మాటకు కాగితము లేదు. సాక్షులు ముసలివారు.

నమ్మకము రక్షణ కాదని శంభు రఘు కేసులో అన్నారు గదా. ఇంగ్లాండులో ఇంచుమించు ఆ కాలముననే నమ్మకమే ఒకామెను రక్షించినది. మార్తా ఆన్ టాల్సన్ అను నామె 1880లో వివాహమాడెను. 1881 డిసెంబరులో భర్త విడిచి పోయెను. అమెరికా పోవు ఓడ మునిగి అతడు మరణించెనని అతని అన్నయే ఆమెతో చెప్పెను. ఆరవ యేట, 1887 జనవరిలో ఆమె మరల పెండ్లాడెను. ఆ డిసెంబరులో మొదటి భర్త నిక్షేపముగ తిరిగి వచ్చెను! క్రింది కోర్టు ఆమెను దోషి యనెను గాని శిక్ష ఒక్కదినము మాత్రమే వేసెను. 1889లో పెద్ద ధర్మాసనము, సహేతుకముగ నమ్మినది కనుక నేరము లేదని విడిచిపెట్టెను. భర్త మరణించెనని నమ్ముట విషయమును గూర్చిన పొరపాటు. కులపెద్దల మాట చాలునని నమ్ముట చట్టమును గూర్చిన పొరపాటు. మొదటిదానిని న్యాయస్థానము మన్నించును, రెండవదానిని మన్నింపదు. తర్కమునకు ఇది సరిగానే యున్నది. కాని చట్టము ఏ భాషలో అచ్చయినదో కూడ ఎరుగని పల్లెలో ఈ భేదమునకు ఎంత విలువ?

టాల్సన్ కథ మన గోదావరి సీమకు దూరపుది కాదు. కాకినాడ రేవునుండి పొగ ఓడలు రంగూనుకు మన కూలీలను వేల కొలది మోసికొని పోయెడివి. బర్మావారు తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అని పిలుచుట పాత కోరంగి రేవును బట్టియే. 1900లో గోదావరిపై రైలు వంతెన తెరచిన పిదప తాడేపల్లిగూడెములో బండి యెక్కినవాడు సామర్లకోట మీదుగా కాకినాడ చేరి ఓడ యెక్కగలుగుచుండెను. ధాన్యపు మరలలో, రేవులో పని. కొందరు రెండు మూడేండ్లకు తిరిగి వచ్చిరి. కొందరు మనియార్డర్లు పంపి క్రమముగ మానిరి. కొందరు అక్కడనే బర్మా స్త్రీలతో కాపురములు పెట్టిరి. హిందువుతో కాపురము చేసిన బౌద్ధ స్త్రీకి హిందూ ధర్మశాస్త్రమున భార్యాత్వము లభించుట దుర్ఘటము. ఆ చిక్కు తీర్చుటకే బర్మా ప్రభుత్వము 1939లో బౌద్ధ స్త్రీల వివాహములకు, వారసత్వమునకు ప్రత్యేక చట్టము చేసినది.

మరి ఇచ్చట నిలిచిపోయిన భార్య సంగతి? 494వ సెక్షనులో ఒక మినహాయింపు ఉన్నది. భర్తగాని భార్యగాని ఏడేండ్లు ఎడతెగక దూరమైయుండి, బ్రతికియున్నట్లు ఆ కాలమున వినబడకున్నచో రెండవ పెండ్లి నేరము కాదు; అయితే ఆ సంగతి కొత్త భర్తకు ముందుగనే చెప్పియుండవలెను. ఈ ఏడేండ్ల లెక్క ఇంగ్లాండున మొదటి జేమ్సు రాజు నాటి చట్టము నుండి వచ్చినది. నారదస్మృతియు తప్పిపోయిన భర్తకొరకు భార్య ఎన్నేండ్లు వేచియుండవలెనో వర్ణమును, సంతానమును బట్టి లెక్క కట్టియే యున్నది. ఆచరణలో వచ్చు కష్టము వేరు. ఆరేండ్లు గడచిన పిదప పొరుగూరివాడొకడు ఓడ దిగి, ‘నీ పెనిమిటిని నిరుడు ధాన్యపు మరలో చూచితిని’ అనును. అంతటితో ఏడేండ్ల లెక్క మొదటికి వచ్చును. ఆ మాట నిజమో, అతడు చూచినది మరియొకనినో, ఎవరు తేల్చవలెను? తిండి పంపని భర్త, మరణింపను లేడు. ఇంతకన్న ఘోరమైన స్థితి స్త్రీకి వేరొకటి లేదు.

క్రైస్తవ మతములోనికి పోయినవారి చిక్కు మరియొక విధమైనది. రాబర్టు నోబిల్ మచిలీపట్టణమున 1843లో పాఠశాల పెట్టినాడు; 1852లో ఆయన విద్యార్థులిద్దరు బాప్తిస్మము పొందగా ఊరెల్ల అల్లకల్లోలమైనది. చర్చి మిషనరీ సొసైటీవారు 1854లో ఏలూరిలో స్థానము నెలకొల్పిరి. ఆ కాలమున పై కులముల బాలురకు చిన్ననాడే పెండ్లి కావించెడివారు. బాలుడు క్రైస్తవుడైన యెడల పుట్టింటనున్న భార్యను అత్తవారింటికి ఎవరు పంపుదురు? ఆమెయు రానొల్లదు. అతడా, మతము మారినను పెండ్లి తెగదు. హిందువైనప్పుడు పదిమందిని పెండ్లాడగలిగినవాడు క్రైస్తవుడైనంతనే రెండవ పెండ్లికి ఏడేండ్ల ఖైదు. ఆమె మరణించువరకు అతనికి సంసారము లేదు.

ఈ ముడి విప్పుటకు సర్ హెన్రీ మెయిన్ 1866లో ఒక చట్టమును తెచ్చెను. అది ఆ సంవత్సరపు 21వ ఆక్టు. మతము మారిన కారణముచేత భార్య ఆరునెలలు విడిచియున్నచో భర్త కోర్టులో దావా వేయవచ్చును. భర్త క్రైస్తవురాలైన భార్యను విడిచినను అంతే. భర్తకు పదునారేండ్లు, భార్యకు పదమూడేండ్లు నిండియుండవలెను. న్యాయాధిపతి ఆమెను స్వయముగ ప్రశ్నించును: నీవు కాపురమునకు పోవా? మతము మారినందుననేనా? అవునన్నచో వెంటనే విడదీయక ఒక సంవత్సరము గడువిచ్చును. ఆ పిదపను మనసు మారనిచో వివాహము రద్దు. ఇరువురును, తొలి వివాహము మరణముచేత తెగినట్లే, మరల పెండ్లాడవచ్చును.

‘ఇరువురును’ అని చట్టము అన్నది. 1856లోనే వితంతు వివాహ చట్టము వచ్చినను, వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. ఆనాడు ఎంత కలవరము పుట్టినదో మన పెద్దలెరుగుదురు. భర్త చనిపోయిన బాలికకే అంత కష్టమైన చోట, భర్త బ్రతికియుండగా కోర్టువారు విడదీసిన బ్రాహ్మణ బాలికను ఎవరు చేసికొందురు? కాగితము మీద ఆమెయు స్వతంత్రురాలే. సంసారము మాత్రము అతనికి దక్కినది. ఆ చట్టమునకు కారణమైన కన్నీరు నిజమైనదే. అది ఒక కంటిదే తుడిచినది.

స్త్రీకి దిక్కు చూపినదియు ఈ విషయమున న్యాయస్థానము కాదు. హిందూ స్త్రీ మతము మార్చుకొని ఇస్లాము పద్ధతిని మరియొకని పెండ్లాడగా, మతము మారినంతమాత్రమున మొదటి వివాహము తెగదని కలకత్తా హైకోర్టు 1891లో రామకుమారి కేసున ఆమెను దోషిగా నిర్ణయించినది.

ఇద్దరు భార్యలున్నవాడు బాప్తిస్మము కోరిన యెడల ఏమి చేయవలెను? ఈ ప్రశ్న ఆఫ్రికాలో మిక్కిలి తీవ్రమైనది. నేటాలు బిషప్పు కోలెన్సో, అట్టివానిచేత భార్యలను వదలింపక బాప్తిస్మ మీయవలెనని వాదించి తనవారిచేతనే తిట్లు తినెను. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అను ఓడ మద్రాసు రేవునుండి మన కూలీలను దింపినది ఆ నేటాలులోనే. 1888లో లాంబెత్‌లో చేరిన ఆంగ్లికను బిషప్పులు బహుభార్యలు గలవానిని సిద్ధపరుపవచ్చునే గాని బాప్తిస్మ మీయరాదనియు, అట్టివాని భార్యలకు మాత్రము కొన్ని సందర్భములలో ఈయవచ్చుననియు తీర్మానించిరి. భార్యలలో ఒకతెను వదలినగాని మతములోనికి రానీయమన్నచో, వదలబడినయామె గతి యేమని కోలెన్సో వేసిన ప్రశ్నకు సమాధానము ఆ తీర్మానములో మాకు కనబడలేదు.

తామై కోరి ఏకపత్నీత్వమును చట్టముగ నెత్తికెత్తుకొన్నవారు బ్రహ్మసమాజమువారు. వారికొరకు వచ్చిన 1872 నాటి మూడవ ఆక్టు క్రింద పెండ్లాడినవాడు భార్య ఉండగా మరల పెండ్లాడినచో 494వ సెక్షను అతనికిని తగులును. తక్కిన హిందూ పురుషులకు ఆ దినము వచ్చుటకు మరి డెబ్బదియేడేండ్లు పట్టినది. బొంబాయి రాష్ట్రము 1946లో, మన జిల్లాలు చేరియున్న మద్రాసు రాష్ట్రము 1949లో హిందువుల ద్వివివాహమును నిషేధించినవి. ముసల్మానులకు లేని నిషేధము మాకేలయని కొందరు హైకోర్టుల కెక్కిరి. వారి వాదము నెగ్గలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టముతో దేశమంతటను అది శాసనమైనది.

అయినను పురుషునికి ఒక సందు దొరకినది. రెండవ పెండ్లి శాస్త్రప్రకారమో, కులాచార ప్రకారమో సంపూర్ణముగ జరిగినట్లు ఋజువైననే నేరమని సుప్రీంకోర్టు 1965లో నిర్ణయించినది. హోమము జరిగినదా? ఏడడుగులు నడచిరా? చూచినవారెవరు? మొదటి భార్యను ఆ పెండ్లికి పిలువరు గదా! దండలు మార్చుకొని ఏండ్ల కొలది కాపురము చేసినను ‘పెండ్లియే కాలేదు’ అని తప్పించుకొన్నవారు పలువురు. భార్య స్వయముగ ఫిర్యాదు చేసిననే విచారణకు తీసికొను పద్ధతిని మార్చి, పోలీసులే నేరుగా కేసు పెట్టవచ్చునని 1992లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సవరణ చేసినది. 2024 జూలై 1నుండి పీనల్ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినది. అందు 494, 495 సెక్షనులు రెండును 82వ సెక్షనుగ నిలిచినవి. శిక్షలు ఏడు, పది ఏండ్లే.

మారుమనువు కథ మాత్రము ముగియలేదు. కులాచారమును బట్టి విడాకులు పొందు హక్కును 1955 చట్టము 29వ సెక్షనులో కాపాడినది. అందుచేతనే నేటికిని పల్లెలలో పెద్దమనుష్యుల సమక్షమున స్టాంపు కాగితముమీద ఒప్పందము వ్రాసికొని, సంతకములు చేసి, ఇరుపక్షములును మరల పెండ్లిండ్లు చేసికొనుచున్నారు. ఆ కాగితమే తమకు రక్షణ యని వారి నమ్మకము. కాని ఆచారమున్నదనువారే, అది తమ కులములో చిరకాలముగ, ఎడతెగక, అందరును పాటించుచున్నదని కోర్టులో చెప్పి ఋజువు చేయవలెనని సుప్రీంకోర్టు 2005లో మరల స్పష్టపరచినది. ఋజువు కానిచో ఆ కాగితము చిత్తుకాగితమే; రెండవ పెండ్లి చెల్లదు. ఉభయులును ఇష్టపడినచో కోర్టుద్వారా విడిపోవు మార్గమును 1976లో 13-బి సెక్షనుగ చేర్చినారు: ఒక సంవత్సరము వేరుగ నుండి దరఖాస్తు పెట్టవలెను, ఆపైన ఆరునెలలు ఆగవలెను. తగిన సందర్భములలో ఆ ఆరునెలలను కోర్టు మినహాయింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది.